అమెరికా కారు కెనడాకు తోలుకురావడమా, అమ్మేసి రావడమా: ఏది మేలు?

గ్రీన్‌కార్డు లైన్లో ఏళ్లకేళ్లు నిలబడి విసిగి, కెనడా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) తీసుకుని టొరంటో వైపు వచ్చేస్తున్న మనవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. "బండి బాగానే ఉందన్నా, తోలుకొచ్చేద్దామా? అక్కడే అమ్మేసి ఇక్కడ ఇంకోటి కొనుక్కుందామా?" బండి ఎంత బాగుందో తర్వాత చూద్దాం. ముందు టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం, ఎవరి దగ్గరుందో చెప్పండి. లోను తీరిపోయి టైటిల్ మీ బీరువాలో ఉంటే తెచ్చుకోండి. లోను నడుస్తున్నా, లీజు బండి అయినా అక్కడే వదిలించుకోండి.

ఎందుకంటే, కెనడాలో మొదటిసారి స్థిరపడటానికి వచ్చేవాళ్లు అంతకుముందే తమ సొంతమై, తాము వాడుతున్న కారును సుంకం, పన్ను లేకుండా తెచ్చుకోవచ్చు. 12 నెలల లోపు అమ్మితే మాత్రం అవన్నీ కట్టాలి. లీజు కారు మీ సొంతం కాదు కాబట్టి ఈ వెసులుబాటు దానికి లేదు. లోను ఉంటే, బండిని దేశం దాటించడానికి ఒప్పుకుంటున్నట్టు అప్పిచ్చినవాళ్లు ఉత్తరం ఇవ్వాలి. తాకట్టులో ఉన్న వస్తువును పరాయి దేశానికి ఎవరు సంతోషంగా పంపుతారు? ముందు బాకీ తీర్చమంటారు.

ఈ వెసులుబాటు విలువ తెలియాలంటే, ఇప్పటికే టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో ఉంటూ "సరిహద్దు అవతల బఫెలోలో చవగ్గా దొరుకుతోంది, తెచ్చేస్తా" అనేవాళ్ల లెక్క చూడండి. సరిహద్దులో 5 శాతం జీఎస్టీ, రిజిస్ట్రేషన్‌లో రాష్ట్రం వాటా 8 శాతం. బండి గుర్తింపు సంఖ్య, అదే విన్ నంబరు, జపాన్ 'జె'తోనో, కొరియా 'కె'తోనో మొదలైతే 6.1 శాతం సుంకం అదనం. అమెరికాలో తయారైందా, 2025 ఏప్రిల్‌లో కెనడా వేసిన 25 శాతం ప్రతిసుంకం కాచుకుని ఉంటుంది. ఈ మూడో దారి నా దృష్టిలో అసలు దారే కాదు.

ఇక తెచ్చుకునే దారిలో ఉన్న తిప్పలు. కెనడా వైపు కంటే అమెరికా వైపే తతంగం ఎక్కువ, మనవాళ్లు తప్పటడుగు వేసేదీ అక్కడే. పాత కారు దేశం దాటుతుంటే, దాని విలువ ఎంతైనా సరే, ఎగుమతి వివరాలు ఆన్‌లైన్‌లో దాఖలు చేసి ఐటీఎన్ అనే నంబరు తీసుకోవాలి. 'ఎక్స్' అక్షరం, తర్వాత తేదీతో మొదలయ్యే అంకెలు, అదే ఐటీఎన్. సోషల్ సెక్యూరిటీ నంబరుతో ఈ దాఖలు కుదరదు, ఈఐఎన్ అనే వ్యాపార పన్ను నంబరు కావాలి. అందుకే చాలామంది బ్రోకర్‌కు కొంత ఇచ్చి చేయించుకుంటారు. ఆ నంబరు, అసలు టైటిల్ మీరు దాటబోయే బ్రిడ్జి దగ్గరి అమెరికా కస్టమ్స్‌కు 72 గంటల ముందే అందాలి. ఎగుమతి కౌంటర్ పనివేళలు వేరుగా ఉంటాయి. శనివారం ట్రక్కు నిండా సామానుతో, పిల్లలతో బఫెలో సరిహద్దులోని పీస్ బ్రిడ్జి దగ్గర దిగి అప్పుడు వెతుక్కుంటే లాభం లేదు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

కెనడా వైపు ఆర్‌ఐవీ అని ఉంది, దిగుమతి వాహనాల రిజిస్ట్రార్. ఫీజు 300 డాలర్లకు పైనే. రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బండిని వెనక్కి పిలవడం) ఏదీ పెండింగ్‌లో లేదని విన్ నంబరుతో సహా కంపెనీ ఇచ్చిన కాగితం అడుగుతారు. ఉంటే అమెరికాలోనే డీలర్ దగ్గర చేయించుకు రండి, ఉచితమే. తనిఖీకి 45 రోజుల గడువిస్తారు గానీ, కొత్తగా వచ్చినవాళ్లు 30 రోజుల్లో బండి రిజిస్టర్ చేసుకోవాలని ఒంటారియో అంటుంది. కాబట్టి 45 అన్న మాట మరిచిపోండి.

అన్నిటికంటే ముందు మీ మోడల్‌ను ట్రాన్స్‌పోర్ట్ కెనడా జాబితాలో, అంటే అమెరికా నుంచి తెచ్చుకోదగిన బండ్ల జాబితాలో, చూసుకోండి. ఇక్కడ 2007 నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి లేకుండా ఇంజన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) తప్పనిసరి. అమెరికాలో చాలా ఏళ్లు కొన్ని హ్యుందాయ్, కియా మోడళ్లు అది లేకుండానే వచ్చాయి. అక్కడ దొంగలు వాటి మీద పడ్డది అందుకే. మీ ర్యావ్4 విన్ '2టీ3'తో మొదలైతే అది ఒంటారియోలోనే పుట్టి అమెరికా చేరిన బండి. అయినా తలుపు సందులోని స్టిక్కరు అమెరికాదైతే ఈ తంతు తప్పదు. పుట్టింటికి వస్తున్నా కాగితాలు అడుగుతారన్నమాట.

ఇంత పాట్లు దేనికంటే, ఇక్కడ కొనడం ఇంకా భారం. కెనడాలో మీ క్రెడిట్ హిస్టరీ సున్నా, లోను వడ్డీ వాచిపోతుంది. ఒంటారియోలో వ్యక్తి దగ్గర పాత కారు కొన్నా 13 శాతం పన్ను కట్టాలి, అదీ మీరిచ్చిన ధర, రెడ్‌బుక్ (పాత కార్ల ధరల పట్టిక) ధర రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద. పైగా ఇక్కడి పాత బండ్ల అడుగుభాగం చలికాలంలో మంచుకు రోడ్ల మీద చల్లే ఉప్పుకు తుప్పు పట్టి ఉంటుంది. డాలస్‌లో తిరిగిన బండి కింద పడుకుని చూడండి, ఎగ్జాస్ట్ బోల్టులు ఇంకా మెరుస్తుంటాయి. ఇలాంటిది అమ్మి, తుప్పుపట్టినది కొనడం నాకు మింగుడుపడదు. న్యూజెర్సీలోనూ ఉప్పు చల్లుతారు, మీది అక్కడి బండి అయితే ఆ గొప్ప లేదులెండి.

ఇన్సూరెన్స్ ఏ దారిలోనైనా వాతే, టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో మరీను. అమెరికా కంపెనీ నుంచి క్లెయిముల చరిత్ర ఉత్తరం తెచ్చుకుంటే కొంత తగ్గుతుంది. వారంటీ సరిహద్దు దాటాక నడుస్తుందో లేదో కంపెనీని ముందే అడగాలి.

హైదరాబాద్‌కే తిరిగి వెళ్లేవాళ్లకు ఈ తర్జనభర్జన లేదు. ఇండియాకు పాత కారు తేవాలంటే స్టీరింగ్ కుడివైపు ఉండాలి, తయారై మూడేళ్లు దాటకూడదు. అమెరికా కారు మొదటి షరతులోనే పోయింది, అమ్మేసి విమానం ఎక్కండి.