లిబ్రెఆఫీస్ కాల్క్‌లో రోజుల లెక్క: చెరువు గట్టు మీద వాడి చూసిన సమీక్ష

భీమవరం పక్కన రెండు రొయ్యల చెరువులకూ, కొద్దిపాటి దాళ్వా వరికీ, వాటి పెట్టుబడికి రాసిచ్చిన ప్రోనోట్లకూ లెక్కలు రాసే నాకు రోజూ కావలసింది ఒక్కటే: ఈ తేదీ నుంచి ఆ తేదీకి ఎన్ని రోజులు? ఆ పనికి ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ కాల్క్‌ను, అంటే గడుల పట్టికలో లెక్కలు చేసే కంప్యూటరు ప్రోగ్రామును వాడుతున్నాను. తీసివేతలో అది ఒక్కనాడూ తప్పలేదు. అయితే ఏ పద్ధతిలో లెక్కించాలో మనం చెప్పకపోతే, తనంతట తాను అడగదు.

కాల్క్ ప్రతి తేదీనీ 1899 డిసెంబరు 30 నుంచి గడిచిన రోజుల సంఖ్యగా దాచుకుంటుంది కాబట్టి, ఒక గడిలోని తేదీ నుంచి మరొక గడిలోని తేదీని తీసివేస్తే చాలు, జవాబు వస్తుంది. లీపు సంవత్సరాన్నీ అదే చూసుకుంటుంది. మార్టేరు పరిశోధనా కేంద్రం వారి 1010 వరి రకానికి పంటకాలం సుమారు 120 రోజులు. 2023 డిసెంబరు 10న విత్తనం చల్లినట్టు కొట్టి 120 కలిపితే కోతకు 2024 ఏప్రిల్ 8 చూపింది, మరుసటి ఏడాది అదే తేదీకి ఏప్రిల్ 9 చూపింది. కాలువలు కట్టేసే ముందు నీటి తడులు లెక్కపెట్టుకునే మాకు ఆ ఒక్క రోజు కూడా లెక్కే.

చెరువు దగ్గర సంగతి వేరు. చెరువులో రొయ్య పిల్ల వదిలిన రోజును మేము ఒకటో రోజుగా పట్టుకుంటాము. తీసివేత మధ్య దూరాన్నే ఇస్తుంది కనుక, చివర ఒకటి కలపకపోతే మేత పట్టికలో ఒక రోజు వెనకబడతాము.

అసలు దెబ్బ తేదీ టైపు చేసే చోట తగిలింది. 2024 జూన్ 5న పిల్ల వదిలి, 05/06/2024 అని కొట్టాను. కొత్త కంప్యూటరులో లొకేల్, అంటే ఏ దేశం పద్ధతిలో తేదీ చదవాలో చెప్పే సెట్టింగు, నెలను ముందు రాసే అమెరికా ఇంగ్లీషులో ఉండడంతో అది మే 6 అయి కూర్చుంది. జూన్ 25న, ఆనాటి తేదీని తానే ఇచ్చే టుడే ఫంక్షన్‌తో తీసివేస్తే, ఒకటి కలపకముందే 20కి బదులు 50 వచ్చింది. మేత చల్లే అతను కాగితం చూసి, "మొన్న వదిలిన పిల్లకి యాభై రోజులేంటండీ?" అన్నాడు. మొదటి నెల చెక్ ట్రేలు (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లేలు) చూడకుండా రోజులను బట్టే మేత వేస్తాము కనుక, అతను అడగకపోతే ఆ పూట మేత ఎంత పోసేవాళ్లమో! తప్పు ప్రోగ్రాముది కాదు, సెట్టింగు చూసుకోని నాది. అదే పట్టికలో 18/06/2024 మాత్రం తేదీగా మారక, గడిలో ఎడమ అంచుకు అతుక్కుని అక్షరాలుగానే ఉండిపోయింది. నిజమైన తేదీ కుడి అంచుకు జరుగుతుంది. ఆ తేడా ఒక్కటి గమనిస్తే సగం ప్రమాదం తప్పుతుంది. లొకేల్‌ను ఇండియా ఇంగ్లీషుకు మార్చాను, అక్షరాలుగా మిగిలినవాటిని డేటా మెనూలోని టెక్స్ట్ టు కాలమ్స్‌తో తేదీలు చేశాను. కానీ తలకిందులైన తేదీలను చేత్తో దిద్దక తప్పలేదు.

రెండు తేదీల మధ్య తేడా చెప్పే ఫంక్షన్లలో డేస్‌కు ముగింపు తేదీ ముందు ఇవ్వాలి, డేట్‌డిఫ్‌కు ప్రారంభ తేదీ ముందు ఇవ్వాలి. ఒకే ఇంట్లో రెండు ఆచారాలు ఎందుకో నాకు బోధపడదు. సెలవులు తీసేసి పనిదినాలు లెక్కించే నెట్‌వర్క్‌డేస్ మాకు పనికిరాదు, రొయ్యకు ఆదివారం లేదు.

నాకు అన్నిటికంటే ఉపయోగపడినది డేస్360. అది ప్రతి నెలనూ 30 రోజులుగా పట్టుకుంటుంది, మన ఊళ్లలో వడ్డీ కట్టే పద్ధతీ అదే. 2023 మార్చి 15న నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున తెచ్చిన రెండు లక్షలకు 2024 సెప్టెంబరు 15 వరకు డేస్360 540 రోజులు చూపుతుంది, అంటే సరిగ్గా 18 నెలలు, వడ్డీ 72,000. ఉత్త తీసివేతతో 550 రోజులు వస్తాయి. దాన్ని 30తో భాగించి నెలలు కడితే వడ్డీ 73,333 అవుతుంది. అప్పిచ్చినవారు రెండో లెక్క తెచ్చినప్పుడు కంప్యూటరును పక్కన పెట్టి, నెలలను వేళ్ల మీద లెక్కించి చూపించాను. మారు మాట్లాడకుండా 72,000కే చెల్లు రాశారు.