లెడ్జర్, ట్రెజర్ రెండూ కొన్నేళ్లు వాడాక: చిప్ కన్నా స్క్రీన్ చూసి కొనండి

నా దగ్గర ఇప్పుడు వాడకంలో ఉన్న హార్డ్‌వేర్ వాలెట్లు (క్రిప్టో కాయిన్ల తాళంచెవిని ఇంటర్నెట్‌కు దూరంగా దాచే చిన్న పరికరాలు) రెండు: లెడ్జర్ నానో ఎస్ ప్లస్, ట్రెజర్ సేఫ్ 3. వీటికి ముందు పాత నానో ఎస్, ట్రెజర్ వన్ వాడాను. కొనేవాళ్లు సాధారణంగా అడిగేది ఎన్ని కాయిన్లకు సపోర్ట్ ఉంది, ఏ చిప్ పెట్టారు, బ్లూటూత్ ఉందా అని. నా వాడకంలో ఆ ప్రశ్నలు పెద్దగా అక్కరకు రాలేదు. మాటిమాటికీ ఎదురైనవి రెండే. కాయిన్లు పంపబోయే అడ్రస్‌ని (ఖాతా నంబర్ లాంటి పొడుగాటి అక్షరాల వరుస) స్క్రీన్ మీద పూర్తిగా చదవగలుగుతున్నానా? రేపు ఈ పరికరం పోతే, అది మొదట్లో ఇచ్చిన బ్యాకప్ పదాలతో ఇంకో దాంట్లో అంతా మళ్లీ తెరవగలనా? అందుకే ఈ సమీక్షలో ఆ రెండింటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

మా బామ్మర్ది మొదటిసారి నానో చేతిలోకి తీసుకుని అడిగాడు: "బావా, కాయిన్లన్నీ ఈ పెన్‌డ్రైవ్‌లోనే ఉంటాయా?"

"ఉండవురా. కాయిన్లు బ్లాక్‌చెయిన్ మీదే, అంటే ఇంటర్నెట్‌లోని ఉమ్మడి లెక్కల పుస్తకంలోనే ఉంటాయి. వాటిని కదిలించే ప్రైవేట్ కీ ఇందులో ఉంటుంది."

"మరి ఇది పోతే?"

"24 పదాలు ఉంటే ఇంకోటి కొనుక్కుంటాం."

"ఆ పదాలు పోతే?"

"ఇది పనిచేసినన్నాళ్లు పనిచేస్తుంది. ఆ తర్వాత దేవుడే దిక్కు."

ఈ నాలుగు మాటలు అర్థమైతే మాన్యువల్‌లో సగం చదివినట్టే.

కాయిన్లను ఎక్స్ఛేంజీలో, అంటే వాటిని కొని అమ్మే కంపెనీ దగ్గరే ఉంచితే ఏమవుతుందో మనవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే మన ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్లు, అంటే దాదాపు రెండు వేల కోట్ల రూపాయల విలువైన కాయిన్లు పోయాయి. ఆ వార్త చూశాక హార్డ్‌వేర్ వాలెట్ కొన్నవాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. కానీ అందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. డబ్బు పోయింది మల్టీసిగ్ వాలెట్ నుంచి, అంటే ఒకరికి మించి సంతకం చేస్తేనే తెరుచుకునే వాలెట్ నుంచి. సంతకం చేసిన వజీర్‌ఎక్స్ వాళ్ల చేతుల్లో ఉన్నవి లెడ్జర్ పరికరాలే. కంప్యూటర్ తెర మీద కనిపించింది ఒక లావాదేవీ, వాళ్లు ఆమోదించింది ఇంకొకటి. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే ఎక్స్ఛేంజీలో దాదాపు 150 కోట్ల డాలర్లు పోయినప్పుడూ జరిగింది ఇంచుమించు ఇదే. పరికరాన్ని ఎవరూ పగలగొట్టలేదు. తాళంచెవులు ఉన్నవాళ్ల చేతే తలుపు తీయించారు.

ఇలా లోపల ఏముందో చూడకుండా ఆమోదించడాన్నే బ్లైండ్ సైనింగ్ అంటారు. మామూలుగా బిట్‌కాయిన్ పంపేటప్పుడు పరికరం స్క్రీన్ మీద అడ్రస్, మొత్తం, ఫీజు స్పష్టంగా వస్తాయి. ఎథీరియంలో స్మార్ట్ కాంట్రాక్టులతో (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రాములతో) పని పడినప్పుడు మాత్రం చాలాసార్లు మనిషికి అర్థం కాని అక్షరాల దండ ఒకటి చూపించి "ఆమోదించమంటావా?" అని అడుగుతుంది. దానికి సరే అనడమంటే ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టడమే. లెడ్జర్ ఎథీరియం యాప్‌లో దీన్ని అనుమతించే సెట్టింగ్ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. నేను దాన్ని ముట్టుకోలేదు. డీఫై (బ్యాంకు లేకుండా స్మార్ట్ కాంట్రాక్టులతో నడిచే అప్పులు, వడ్డీల లాంటి వ్యవహారం) సరదా తీర్చుకోవాలనిపిస్తే ఫోన్‌లో వేరే వాలెట్ ఉంది, పోయినా ఏడవనక్కర్లేనంత డబ్బుతో.

ఇక స్క్రీన్ సంగతి. పాత నానో ఎస్ తెర 128 బై 32 పిక్సెళ్లు. అడ్రస్‌ను బటన్ నొక్కుకుంటూ ముక్కలు ముక్కలుగా చూడాలి. ఎస్ ప్లస్‌లో తెర ఎత్తు రెట్టింపైంది, చదవడం చాలా తేలికైంది. సేఫ్ 3 తెర 0.96 అంగుళాలే. కానీ అడ్రస్‌ను నాలుగేసి అక్షరాలుగా విడదీసి చూపిస్తుంది. చూడ్డానికి చిన్న మార్పే, వాడకంలో మాత్రం చాలా పెద్దది. కంప్యూటర్ మీద ఒక నాలుగు, పరికరం మీద ఒక నాలుగు, వేలు పెట్టి సరిపోల్చుకుంటూ పోవచ్చు. చత్వారం వచ్చినవాళ్లకు ఇది దేవుడిచ్చిన వరం. ఇంకా పెద్దది కావాలంటే 2024లో వచ్చిన సేఫ్ 5 ఉంది. 1.54 అంగుళాల రంగుల టచ్ స్క్రీన్, విడుదల ధర 169 డాలర్లు. సేఫ్ 3, ఎస్ ప్లస్ రెండూ 79 డాలర్లకు వచ్చాయి. మన దాకా వచ్చేసరికి కొరియర్, కస్టమ్స్ అదనం.

అడ్రస్ అంతా ఎందుకు చదవాలి, మొదటి నాలుగు చివరి నాలుగు చూస్తే చాలదా అంటారు. చాలదు. కాపీ చేసిన అడ్రస్‌ను పేస్ట్ చేసే లోపు మార్చేసే వైరస్‌లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇప్పుడు దానికి తోడు అడ్రస్ పాయిజనింగ్ అనే పద్ధతి. మీరు తరచూ పంపే అడ్రస్‌కు ముందూ వెనకా అక్షరాలు కలిసేలా ఇంకో అడ్రస్ తయారుచేసి, దాన్నుంచి మీకు చిల్లర పంపుతారు. అది మీ హిస్టరీలో కూర్చుంటుంది. తర్వాతిసారి మీరు హిస్టరీలోంచి కాపీ చేస్తే అయిపోయినట్టే. 2024 మేలో ఒకరు ఇలాగే 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్లు (ఎథీరియం మీద తిరిగే బిట్‌కాయిన్ రూపం), అప్పటి విలువలో దాదాపు 6.8 కోట్ల డాలర్లు పంపేశారు. దొంగ తర్వాత చాలావరకు తిరిగిచ్చాడు. అందరికీ అలాంటి దొంగ దొరకడు. నేను మధ్యలోంచి కూడా రెండు ముక్కలు చూస్తాను. పెద్ద మొత్తమైతే మొత్తం చదువుతాను. కాస్త విసుగే, కానీ ఈ పరికరం కొన్నదే ఆ పని కోసం.

చిప్ గొడవ క్లుప్తంగా చెప్తాను. ఇంటర్నెట్‌లో దీని మీద జరిగే వాదనలు తమిళ, తెలుగు హీరోల అభిమానుల గొడవల్ని మించిపోయాయి. లెడ్జర్‌లో మొదటినుంచీ సెక్యూర్ ఎలిమెంట్ (రహస్యాలు దాచడానికే చేసిన ప్రత్యేక చిప్) ఉంది, దాని మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్ మాత్రం పూర్తిగా బయటపెట్టలేదు. ట్రెజర్ కోడ్ అంతా తెరిచే ఉంటుంది, కానీ పాత మోడళ్లలో సెక్యూర్ ఎలిమెంట్ లేదు. పరికరం చేతికి చిక్కితే 15 నిమిషాల్లో సీడ్‌ను, అంటే ఆ బ్యాకప్ పదాల రహస్యాన్ని, బయటకు లాగొచ్చని 2020లో క్రాకెన్ ఎక్స్ఛేంజీ ల్యాబ్ చూపించింది. 2023లో వచ్చిన సేఫ్ 3లో ఆ చిప్ కూడా పెట్టారు. 2025 మార్చిలో లెడ్జర్ వాళ్ల పరిశోధన బృందం డాంజాన్, సేఫ్ 3 మైక్రోకంట్రోలర్ (పరికరాన్ని నడిపే ప్రధాన చిప్) మీద ఇంకా దాడికి వీలుందని చూపించింది. పోటీ కంపెనీలు ఒకదాని తప్పు ఇంకొకటి వెతికితే మనకు మంచిదే. ఈ దాడులన్నిటికీ పరికరం దొంగ చేతికి రావాలి, దొంగకు ల్యాబ్ ఉండాలి. నా బీరువా దాకా వచ్చే దొంగ మొదట బంగారం చూసుకుంటాడు.

నన్ను నిజంగా ఆలోచింపజేసింది 2023 మేలో లెడ్జర్ ప్రకటించిన రికవర్ సేవ. సీడ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి మూడు ముక్కలుగా మూడు కంపెనీల దగ్గర దాచి, గుర్తింపు కార్డు చూపిస్తే తిరిగిచ్చే పథకం అది. కావాలనుకున్నవాళ్లే చేరతారు, బలవంతం లేదు. కానీ ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) తలుచుకుంటే సీడ్ ముక్కల్ని బయటకు పంపగలదన్న సంగతి అప్పటిదాకా చాలామందికి తట్టలేదు. నేను లెడ్జర్ పారేయలేదు. పెద్ద మొత్తాన్ని మాత్రం సేఫ్ 3కి మార్చాను.

కొనే దారి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒకసారి ఓ ఆన్‌లైన్ సైట్‌లో ఎవరో అమ్మకందారు దగ్గర ఆర్డర్ పెడితే, ప్లాస్టిక్ చుట్టు మళ్లీ వేడిపెట్టి అతికించినట్టున్న డబ్బా వచ్చింది. తెరవకుండానే వాపసు పంపాను. 2023లో కాస్పర్‌స్కీ అనే సైబర్ భద్రతా కంపెనీ వాళ్లు ఒక నకిలీ ట్రెజర్ మోడల్ టి విప్పి చూపించారు. బయటికి అచ్చం అసలుదే, లోపల మైక్రోకంట్రోలర్ మార్చేశారు. కాబట్టి కంపెనీ సొంత సైట్, లేదా ఆ సైట్‌లో పేరున్న అధీకృత అమ్మకందారు, అంతే. అసలు ట్రెజర్ ఫర్మ్‌వేర్ లేకుండా వస్తుంది, మొదటిసారి కలిపినప్పుడు మనమే వేసుకోవాలి. లెడ్జర్ అయితే దాని యాప్ పరికరం అసలుదో కాదో పరీక్షిస్తుంది. డబ్బాలో ముందే పదాలు అచ్చేసిన కార్డు గానీ, స్క్రాచ్ కార్డు గానీ ఉంటే అది పక్కా మోసం. పదాలు మీ కళ్లముందు పరికరమే పుట్టించాలి.

ఆర్డర్‌లో ఇంటి అడ్రస్, రోజూ వాడే ఫోన్ నంబర్ ఇవ్వకండి. 2020లో లెడ్జర్ కస్టమర్ల డేటా పోయింది. ఆ డిసెంబరులో దాదాపు 2,72,000 మంది పేర్లు, అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు ఇంటర్నెట్‌లో పడ్డాయి. కొందరి ఇంటికి పోస్టులో నకిలీ పరికరాలే వచ్చాయి. 2024 జనవరిలో ట్రెజర్ సపోర్ట్ పోర్టల్ నుంచి సుమారు 66,000 మంది వివరాలు బయటపడ్డాయి. అంటే ఇద్దరూ ఇద్దరే. నేను ఆఫీసు అడ్రస్, ఈ పనికే పెట్టుకున్న ఈమెయిల్ ఇచ్చాను.

ఇక పదాలు. అవి బిప్-39 అనే ప్రామాణిక జాబితాలోంచి వస్తాయి, అందులో 2,048 ఇంగ్లిష్ పదాలుంటాయి. ప్రతి పదానికీ మొదటి నాలుగు అక్షరాలు వేరుగా ఉండేలా కూర్చారు, కాబట్టి నాలుగక్షరాలు రాసుకున్నా చాలు. కాగితాన్ని నేను నమ్మను. చెదలు, వానాకాలం చెమ్మ మనకు తెలిసినవే. మన స్టీలు సామాన్ల కొట్లలో గిన్నెల మీద పేర్లు చెక్కే చిన్న మిషన్ ఉంటుంది కదా, అలాంటిది చౌకగానే దొరుకుతుంది. కొనుక్కుని ఓ స్టీలు రేకు మీద నేనే చెక్కుకున్నాను. వంకరటింకరగా వచ్చినా చదవడానికి వీలుగానే ఉంది. కొట్టువాడికి చెక్కమని మాత్రం ఇవ్వకండి! అలాగే ఫొటో తీయొద్దు, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవద్దు, గూగుల్ డ్రైవ్‌లో పెట్టొద్దు.

రాసుకున్నాక పరీక్ష పెట్టాలి. కొత్త పరికరంలోకి కొంచెం డబ్బు పంపండి. తర్వాత కావాలనే మొత్తం చెరిపేయండి. లెడ్జర్‌లో పిన్ మూడుసార్లు తప్పు కొడితే అదే ఖాళీ అయిపోతుంది. ఇప్పుడు రేకు చూసుకుంటూ రెండు బటన్లతో ఒక్కో పదం ఎక్కించండి. అరగంట పడుతుంది, వేళ్లు నొప్పెడతాయి. చివర్లో బ్యాలెన్స్ తిరిగి కనిపిస్తే అప్పుడు పెద్ద మొత్తం పంపండి. ఆ క్షణం దాకా నాకు టెన్షనే. ఆ తర్వాత మాత్రం పరికరం ఎక్కడ పెట్టానో కూడా పెద్దగా పట్టించుకోలేదు.

ఇక్కడే ఎవరూ ముందుగా చెప్పని మెలిక ఉంది. కొత్త ట్రెజర్లు ఇప్పుడు మామూలుగా స్లిప్-39 అనే వేరే పద్ధతిలో 20 పదాల బ్యాకప్ ఇస్తున్నాయి. దాని పదాల జాబితా వేరు, ఆ 20 పదాలు లెడ్జర్‌లో ఎక్కవు. ఒక కంపెనీ పరికరం పోతే ఇంకో కంపెనీ దాంట్లో తెరుచుకునే వీలు కావాలంటే, సెటప్‌లోనే పాత పద్ధతి 12 లేదా 24 పదాలు ఎంచుకోవాలి. నేను 24 తీసుకున్నాను. లెడ్జర్ పదాల్ని సేఫ్ 3లో ఎక్కించి చూస్తే బిట్‌కాయిన్, మొదటి ఎథీరియం అకౌంట్ ఇబ్బంది లేకుండా కనిపించాయి. కార్డానో లాంటి కాయిన్లకు పదాల నుంచి కీ తయారుచేసే పద్ధతి వేరు, వాటిని విడిగా చూసుకోవాలి.

పాస్‌ఫ్రేజ్, అదే 24 పదాలకు మనం సొంతంగా కలుపుకునే ఇరవై ఐదో పదం, చాలామందికి నేను వద్దంటాను. అది తప్పు కొడితే తప్పని చెప్పదు. ఏ పాస్‌ఫ్రేజ్ కొట్టినా ఒక వాలెట్ తెరుచుకుంటుంది, కాకపోతే ఖాళీది. మీకే గుండె ఆగినంత పనవుతుంది. మీ తర్వాత చూసేవాళ్లు అసలేమీ లేదనుకుని వదిలేస్తారు.

పన్ను సంగతి ఒక్క మాట. ఎక్స్ఛేంజీ నుంచి మన వాలెట్‌కు మార్చుకోవడం అమ్మకం కాదు. కానీ రేపు అమ్మినప్పుడు 30 శాతం పన్ను లెక్కకు కొన్న ధర కావాలి. విత్‌డ్రా చేసేముందే పాత స్టేట్‌మెంట్లన్నీ దింపుకుని పెట్టుకోండి. ఎక్స్ఛేంజీ మూతపడ్డాక అడిగితే ఇచ్చేవాడుండడు. కొన్ని యాప్‌లు కాయిన్లను బయటికి పంపనే పంపనివ్వవు. కొనేముందే ఆ సంగతి కనుక్కోండి.

ఎవరికి అక్కర్లేదంటే, నెలకు ఐదొందలు వేసి చూద్దామనుకునేవాళ్లకు. పరికరం ఖరీదే మీ కాయిన్ల కన్నా ఎక్కువవుతుంది. మనవాళ్లు రూపొందించిన సైఫరాక్ ఎక్స్1 అనే వాలెట్ గురించి అడుగుతున్నారు. కీని ఐదు ముక్కలు చేసి పరికరంలో ఒకటి, నాలుగు కార్డుల్లో తలా ఒకటి పెట్టడం, ఏ రెండు కలిసినా తెరుచుకోవడం నాకు నచ్చింది. పదాలు రాసుకునే బాధ తగ్గుతుంది. నేను వాడలేదు కాబట్టి అంతకుమించి చెప్పను.

బ్యాంకు ఖాతాకు నామినీ ఉంటారు, దీనికి ఉండరు. నాకేమైనా అయితే ఇంట్లోవాళ్లు ఏం చేయాలో ఒక పేజీలో తెలుగులో రాసి బ్యాంకు కాగితాల ఫైల్లో పెట్టాను. పదాలు అందులో లేవు. రేకు ఏ లాకర్‌లో ఉంది, ఏ పరికరం కొనాలి, ఆదాయపన్ను లెక్కలు చూసే ఆయన ఎవరు, అంతే. మా ఆవిడ చదివి, "ఏమండీ, ఫోన్ చేసి పదాలు చెప్పమంటే ఎవరికీ చెప్పకూడదని ఎక్కడా రాయలేదేం?" అంది. ఇప్పుడా కాగితంలో మొదటి వాక్యం అదే, ఎర్ర ఇంకుతో.