నిమ్మగడ్డి, బాసిల్ వేసిన గోధుమ బీరు కొంటున్నారా? లేబుల్ కంటే ముందు తేదీ చూడండి

ఎండలు ముదిరాయి. హైదరాబాద్‌లో వైన్స్ ఫ్రిజ్‌ల నిండా మళ్ళీ ఆ పసుపు, ఆకుపచ్చ లేబుళ్ళే. గోధుమ బీరు, అందులో నిమ్మగడ్డి, బాసిల్ ఆకు, నిమ్మతొక్క. పైన పెద్ద అక్షరాల్లో 'ఫ్రెష్ హెర్బ్స్'. కొనబోయే ముందు ఇది ఒకసారి చదవండి. మామూలు బీరు కంటే బాగా ఎక్కువ ధర పెట్టి నేను తెచ్చుకున్నది పాడైపోయిన సరుకు. కంపెనీ పేరు, షాపు పేరు రాయడం లేదు. ఈ రకం బీరు ఏ బ్రాండ్‌దైనా, ఏ షాపులో కొన్నా ఇదే జరగొచ్చు కాబట్టి, పేరు కంటే సంగతి తెలియడం ముఖ్యం.

ఇంటికి మా బావ వచ్చాడని తెప్పించాను. స్ట్రాంగ్ తప్ప ఇంకోటి ముట్టని మనిషి, వేసవిలో ఇలాంటి తేలిక బీరు ఎంత హాయిగా ఉంటుందో చూపిద్దామని నా ఆశ. గ్లాసులో పోయగానే వాసన చూసి, "గ్లాసు సరిగ్గా కడగలేదారా? సబ్బు వాసనొస్తోంది" అన్నాడు. నిజమే, గిన్నెలు తోమే లిక్విడ్ వాసనే. ఇంకో గ్లాసు తీసి, వట్టి నీళ్ళతో కడిగి, రెండో సీసా ఓపెన్ చేశాను. అదే వాసన. తప్పు గ్లాసుది కాదు, సీసాలో ఉన్నదానిది.

అప్పుడు వెలుతురులో పెట్టి చూశాను. గోధుమ బీరు లేత గడ్డిరంగులో, మబ్బు పట్టినట్టు ఉండాలి. ఇది తేరుకుపోయి తేనె రంగుకి తిరిగింది. లోపల తెల్లటి సన్నటి రేకులు తేలుతున్నాయి. గ్లాసు కదిపితే పైకి లేచి, మళ్ళీ మెల్లగా అడుక్కి దిగుతున్నాయి. గోధుమలో ప్రొటీన్ ఎక్కువ కాబట్టి చిక్కటి తెల్లటి నురుగు కట్టి కాసేపు నిలబడాలి. ఇక్కడ నురుగు లేచినంత సేపు పట్టలేదు పోవడానికి. నోట్లో వేసుకుంటే మొదట ఒక రకం తీపి, ఆ వెంటనే చప్పదనం, మింగాక తడిసిన అట్టముక్క రుచి. బాసిల్ జాడ లేదు. నిమ్మగడ్డి ఉండాల్సిన చోట ఏదో మందు వాసన. గ్లాసు ఖాళీ చేసి సింక్‌లో పెట్టినా ఆ ఎసెన్స్ వాసన మాత్రం వదల్లేదు.

సీసా వెనక్కి తిప్పి చూస్తే తయారీ తేదీ అక్టోబరుది. మేం తాగింది ఏప్రిల్ మొదట్లో. 'ఆరు నెలల్లోపు వాడితే మంచిది' అని రాసి ఉంది కాబట్టి కాగితం ప్రకారం ఇంకా కొద్ది రోజుల గడువు మిగిలే ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. గడువు దాటలేదు కదా అని ధైర్యంగా కొంటే సరిపోదు. అదే వెనక లేబుల్ మీద, కళ్ళద్దాలు పెట్టుకుంటే తప్ప కనిపించని అక్షరాల్లో, అదనంగా ఫ్లేవర్లు కలిపినట్టు కూడా ఉంది. ముందు వైపు ఆకుల బొమ్మలు, వెనక వైపు ఈ ముక్క.

షాపుకి వెళ్ళి అడిగాను. "డేటుంది కదన్నా, ఫ్రిజ్‌లదే ఇచ్చినా కదా" అన్నాడు కౌంటర్ కుర్రాడు. అతను కసురుకోలేదు, అబద్ధమూ చెప్పలేదు. కానీ ఫ్రిజ్‌లోకి వెళ్ళకముందు ఆ పెట్టెలు ఎక్కడున్నాయో అక్కడే కళ్ళ ముందు కనిపిస్తోంది: షట్టర్ పక్కన, రేకుల కింద, పడమటి ఎండ నేరుగా తగిలేచోట. ఆ వేడిలో వారాల తరబడి పడున్న బీరుని సాయంత్రం కూలింగ్‌లో పెట్టి అమ్మితే చల్లగా ఉంటుంది తప్ప బాగుండదు. ఒకసారి వేడికి చెడిన రుచి చల్లబరిస్తే తిరిగి రాదు.

అసలు కారణం అర్థం చేసుకుంటే మనం మోసపోయే అవకాశం తగ్గుతుంది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయేది స్ట్రాంగ్ బీరు. అది వచ్చిన వారంలోనే వెళ్ళిపోతుంది. గోధుమ బీరు అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి పెట్టె దిగాక మూల పడి ఉంటుంది. నిలవ ఉంటే అన్నిటికంటే ముందు చెడేదే ఎక్కువ కాలం నిలవ ఉంటోంది. దీంట్లో హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) చేదు తక్కువ, ఆల్కహాల్ కూడా సాధారణంగా ఐదు శాతం లోపే. రుచి మొత్తం ఆ పైపై సువాసనల మీదే నిలబడి ఉంటుంది. అవి పోతే వెనక దాచిపెట్టడానికి వేరే ఘాటు ఏమీ ఉండదు.

ఆ సువాసనలు కూడా సున్నితమైనవి. నిమ్మగడ్డికి ఆ వాసన ఇచ్చేది సిట్రాల్ అనే పదార్థం. పులుపున్న పానీయంలో, అందులోనూ వేడి తగిలితే, అది త్వరగా విరిగిపోయి వేరే వాసనలుగా మారుతుంది. నిమ్మ, నారింజ తొక్కల్లోని లిమొనీన్‌కి గాలి తగిలితే తాజాదనం పోతుంది. సీసా నింపేటప్పుడు లోపల మిగిలిన కొద్దిపాటి ఆక్సిజన్ చాలు, మూత లోంచి సన్నగా వచ్చేది దానికి తోడు. పాత బీరులో తడి అట్ట రుచి వస్తుంటే దానికి ముఖ్యంగా చెప్పుకునే కారణం ట్రాన్స్-2-నోనెనాల్ అనే పదార్థం. వేడి పెరిగేకొద్దీ ఈ మార్పులన్నీ వేగంగా జరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీల ఎండలో రేకుల షెడ్డు కింద పరిస్థితి మీరే ఊహించుకోండి.

వెలుతురు ఇంకో శత్రువు. హాప్స్‌లోని చేదు పదార్థాల మీద వెలుతురు పడితే గంధకపు వాసన పుడుతుంది, ఎండలోనైతే నిమిషాల మీదే మొదలవుతుంది. ముదురు గోధుమరంగు సీసా దీన్ని చాలావరకు ఆపుతుంది. ఆకుపచ్చ సీసా అంతగా ఆపదు, రంగులేని తెల్ల సీసా దాదాపు ఆపనే ఆపదు. లోపలి రంగు అందంగా కనిపించాలని కొన్ని కంపెనీలు తెల్ల సీసాల్లోనే పోస్తున్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ నేను మాత్రం కొనను. డబ్బా దొరికితే అదే మేలు, వెలుతురు బెడద అసలు ఉండదు.

ఈ బీరు మీద నాకెందుకింత పట్టింపు అంటే, బాగా చేసినప్పుడు దీని రుచి ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి. దీని పుట్టిల్లు బెల్జియం. హూగార్డెన్ అనే ఊళ్ళో తరతరాలుగా కాచిన ఈ తెల్లబీరు 1950లలో చివరి బట్టీ మూతపడడంతో ఆగిపోయింది. పాలు పోసుకునే పియర్ సెలిస్ అనే ఆయన 1960లలో దాన్ని మళ్ళీ మొదలుపెట్టాడు. మొలకెత్తించని గోధుమ, బార్లీ మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), దంచిన ధనియాలు, ఎండిన నారింజతొక్క, ఇంతే. ధనియాలు, తొక్క సాధారణంగా మరగడం పూర్తయ్యే వేళకి వేస్తారు, ముందే వేస్తే వాసన ఆవిరైపోతుంది కాబట్టి. కోలగా, లేత రంగులో ఉండే మన దేశపు ధనియాలంటే చాలామంది బీరు తయారీదారులకి ఇష్టం, వాటిలో నారింజ ఛాయ ఎక్కువ అని. కొత్త ధనియాలు రెండు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూడండి, మీకే తెలుస్తుంది. పచ్చి ఆకులు, గడ్డి వేసేవాళ్ళు ఇంకా ఆలస్యంగా, చల్లారాకో పులిశాకో వేస్తారు. ఇదంతా ఖర్చు, ఓపిక ఉన్న పని. ఎసెన్స్ చుక్క వేయడం సులువు. వేస్తే వేశారు, 'ఫ్రెష్' అని రాసి అమ్మడం అన్యాయం.

కాబట్టి షాపులో అడగడానికి మొహమాటపడకండి. సీసా చేతికిచ్చాక డబ్బులిచ్చే ముందే తిప్పి తయారీ తేదీ చూడండి, గడువు తేదీ కాదు. ఈ రకానికి నా లెక్క: తయారై రెండు నెలల లోపైతే తీసుకుంటాను, మూడు దాటితే వదిలేస్తాను. తేదీ ఒక్కోసారి మెడ దగ్గర ఇంకుతో కొట్టి ఉంటుంది, ఫ్రిజ్ చెమ్మకి అలుక్కుపోతుంది. కనపడకపోతే వేరేది ఇమ్మనండి. తర్వాత సీసాని వెలుతురుకి పెట్టండి. మబ్బుగా ఉండడం, అడుగున సన్నటి ఈస్టు పొర ఉండడం మంచిదే. పైన తేటగా ఉండి రేకులు తేలుతుంటే వద్దు. మూత చుట్టూ జిగురుగా, తుప్పుగా ఉన్నా వద్దు, అక్కడ లీకైందన్నమాట. ఎండ పడే అద్దాల అరలోంచి తీసిచ్చినా, ఫ్రిజ్‌లో ట్యూబులైటుకి ఆనుకున్న వరుసలోంచి తీసిచ్చినా లోపలి వరుసది అడగండి. నిండుగా అమ్ముడయ్యే పెద్ద షాపుల్లో స్టాక్ కొత్తగా ఉండే అవకాశం ఎక్కువ. 'రెండు కొంటే తగ్గింపు' అన్నచోట తేదీ మరీ జాగ్రత్తగా చూడాలి. కూలింగ్ పేరు చెప్పి ఎమ్మార్పీ మీద పైసా ఎక్కువ అడిగినా ఇవ్వక్కర్లేదు.

మూత తీయగానే బుస్సుమని నురుగు ఆగకుండా పొంగితే లోపల పులియడం ఆగలేదని, లేదా ఏదో సూక్ష్మజీవి చేరిందని అనుమానించాలి. అలాంటి పెట్టెలో మిగతా సీసాలు పేలే ప్రమాదం ఉంది. పిల్లలు తిరిగే చోట ఉంచకండి.

అక్కడికక్కడే బీరు కాచి పోసే మైక్రోబ్రూవరీల్లో తాగేవాళ్ళకి ఈ తేదీల గొడవ లేదు కానీ వేరే గొడవ ఉంది. అక్కడ చెడేది పైపుల దగ్గర. బీరు వచ్చే లైన్లు కనీసం రెండు వారాలకొకసారి కడగాలని ఈ వృత్తిలో వాళ్ళే చెప్పుకుంటారు. కడగకపోతే వెనిగర్ పులుపు, వెన్న వాసన వస్తాయి. గ్లాసు మొత్తం చెప్పే ముందు రుచికి కొంచెం పొయ్యమని అడగండి, చాలా చోట్ల అడిగితే పోస్తారు. అందులో నిమ్మ వాసన ముక్కుకి కొట్టేలా ఉండి, బీరు రుచి వెనకబడి, గ్లాసు అడుగున చిక్కగా తీపి దిగితే సిరప్ కలిపారన్నమాట. పైన బాసిల్ రెమ్మ గుచ్చి, అంచున నారింజ ముక్క పెట్టారు కదా అని నమ్మకండి. ఆ ముక్క తీసేసి ఒక గుక్క తాగితే అసలు సంగతి బయటపడుతుంది.

ఒక్క మాట, మంచి బీరుని చెడ్డదనుకుని తిప్పి పంపకండి. జర్మన్ పద్ధతి గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి. అవి ఏవీ కలపకుండా ఈస్టు నుంచే వచ్చేవి, అది దాని స్వభావం. బెల్జియం పద్ధతిలో కాస్త పులుపు, మిరియాల ఘాటు ఉంటే అదీ సహజమే. పాతబడిన బీరు రుచి పోతుందే కానీ మామూలుగా జబ్బు చేయదు, పొరపాటున తాగినవాళ్ళు టెన్షన్ పడక్కర్లేదు. గోధుమ, గ్లూటెన్ పడనివాళ్ళు మాత్రం తాజాదైనా ముట్టకూడదు.

ఇంకొకటి, 'లైట్' అని రాసుంది కదా అని బండి తాళం తీయకండి. చట్టంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. తేలిక బీరు నిమ్మరసంలా దిగిపోతుంది కాబట్టి ఎంత తాగామో తెలియదు. మొదటిసారి దొరికితేనే పది వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

నా ఫిర్యాదు సంగతి: కంపెనీ కస్టమర్ కేర్‌కి రాస్తే బ్యాచ్ నంబరు, సీసా ఫొటోలు అడిగారు. పంపాను. ఆ తర్వాత జవాబు లేదు. మీకు ఇలా జరిగితే సీసా, మూత వెంటనే పారెయ్యకండి. తయారీ తేదీ, బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటో, గ్లాసులో పోసినప్పుడు రేకులు తేలుతున్న ఫొటో, బిల్లు దగ్గర పెట్టుకోండి. వైన్స్‌లో బిల్లు అడిగితే ఇవ్వరనుకుంటాం, గట్టిగా అడిగితే ఇస్తారు. లేదా ఫోన్‌లో కట్టిన డబ్బు రికార్డైనా ఉంటుంది. గడువు దాటిన సరుకు అంటగట్టినా, ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకున్నా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. నాలా గడువు లోపలే చెడిన సీసా వచ్చినవాళ్ళు ముందు కంపెనీకి రాతపూర్వకంగా రాయండి. ఒకే బ్యాచ్ మీద నలుగురు రాస్తే ఆ పెట్టెలు ఏ గోడౌన్‌లో, ఎంత ఎండలో పడున్నాయో వాళ్ళే వెతుక్కోవాల్సి వస్తుంది.