ఇంగ్లిష్ మాట పక్కన తెలుగులో రాసుకోవాలా, విని నేర్చుకోవాలా: ఏది మేలు?

నోట్‌బుక్‌లో ఇంగ్లిష్ మాట, పక్కన తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ, ఆ పక్కన అర్థం. మనలో చాలామంది ఇలాగే మొదలుపెడతాం. బస్టాండ్‌లో దొరికే స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాలదీ ఇదే పద్ధతి. ఇప్పుడు ఫోన్లో ఆడియో ఉన్న డిక్షనరీలు ఉన్నాయి కదా, ఇంకా ఈ రాతకోతలు అవసరమా? సైలెంట్ లెటర్ల దగ్గర అవసరమే. మిగతాచోట్ల దానివల్ల చెడేదే ఎక్కువ.

అప్పుకి ఇంగ్లిష్ మాటలో ‘బి’ రాస్తారు, పలకరు. పక్కన ‘డెట్’ అని రాసుకుంటే ఇక తడబడం. ‘రిసీట్’లో ‘పి’, ‘ప్లమర్’లో ‘బి’ కూడా అంతే.

కానీ ‘వెస్ట్’ అని రాసుకున్నారనుకోండి, అది పడమరా, బనియనా? డబ్ల్యూకి పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి, ‘వి’కి పైపళ్లు కింది పెదవిని తాకాలి. మనకున్నది ఒక్క ‘వ’. జూకీ జ్యూస్‌కీ కూడా ఒకటే ‘జ’తో సరిపెట్టుకుంటున్నాం.

అసలు చిక్కు ఏ అక్షరాన్ని నొక్కాలన్న దగ్గర. ఫొటోగ్రాఫ్, ఫొటోగ్రాఫర్, ఫొటోగ్రఫీ తెలుగులో ఒకేలా మొదలవుతాయి. డిక్షనరీలో స్పీకర్ బొమ్మ నొక్కి వినండి. మొదటిదాంట్లో ‘ఫో’ గట్టిగా వినిపిస్తుంది. తక్కిన రెండింట్లో అది నలిగిపోయి ‘ఫ’ అవుతుంది, బరువంతా ‘టో’ మీద పడుతుంది. దాదాపు ‘ఫటాగ్రఫర్’ అన్నట్టు. మనం ‘డెవలప్’ అని మొదట్లోనే నొక్కేస్తాం, ఇంగ్లిష్‌వాళ్లు ‘డివెలప్’ అని మధ్యలో నొక్కుతారు. యాస మార్చుకోమని కాదు, ఆ అవసరం లేదు. నొక్కు సరైన చోట పడితే తెలుగు యాసలో మాట్లాడినా అర్థమవుతుంది.

ఇక అర్థాల సంగతి. పసుపు, కాకరకాయ లాంటివాటికి ఇంగ్లిష్‌లో నిర్వచనం చదవడం టైమ్ వేస్ట్. అక్కడ ఇంగ్లిష్-తెలుగు నిఘంటువే మేలు. క్రియల దగ్గర మాత్రం అది ఆదుకోదు. హోంవర్క్ ‘డూ’ చేస్తారు, మిస్టేక్ ‘మేక్’ చేస్తారు, తెలుగులో రెండూ ‘చేయడమే’. ఏది దేనితో జతకడుతుందో తెలియాలంటే ఉదాహరణ వాక్యాలున్న లెర్నర్స్ డిక్షనరీ, అంటే నేర్చుకునేవాళ్ల కోసం ఇంగ్లిష్‌లోనే అర్థాలిచ్చే నిఘంటువు, చూడాల్సిందే. ఇంగ్లిష్-ఇంగ్లిష్ అనగానే టెన్షన్ పడక్కర్లేదు. 1978లో వచ్చిన లాంగ్‌మన్ లెర్నర్స్ డిక్షనరీ నిర్వచనాలన్నీ సుమారు 2,000 తేలిక మాటల్లోనే రాసింది.

సినిమాలు, సిరీస్‌లు చెవికి మంచివే, కానీ కింద తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే కళ్లు చదువుకుంటాయి, చెవులు పడుకుంటాయి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్సే పెట్టుకోండి.

నన్నడిగితే, కొత్త మాటని ముందు రెండు మూడుసార్లు వినాలి. ‘షెడ్యూల్’, ‘స్కెడ్యూల్’ అని రెండు రకాలుగా వినిపిస్తే బ్రిటిష్, అమెరికన్‌లలో ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడాలి. తర్వాత ఆ మాట ఉన్న వాక్యాన్ని ఫోన్లో మన గొంతుతో రికార్డ్ చేసి, డిక్షనరీ ఆడియో పక్కన పెట్టి వినాలి. తేడా పట్టుబడ్డాక, స్పెల్లింగ్ మోసం చేసే మాట అయితేనే తెలుగులో రాసుకోవాలి, అదీ పెన్సిల్‌తో.