పాత ల్యాప్‌టాప్ కొని కొత్త లినక్స్ వేద్దామనుకుంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు ముందుగా ఒక్క మాట. అమ్మేవాళ్లు ఆన్ చేసి చూపించే లినక్స్‌ని (విండోస్ బదులు వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్) చూసి కొనకండి. మీరు వేసుకోబోయే వెర్షన్‌నే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, వాళ్ల ముందే బూట్ చేసి, అంటే దాంతోనే ల్యాప్‌టాప్ ఆన్ చేసి, చూశాకే డబ్బు కట్టండి. నేను ఆ పని చేయలేదు. మూడు వారాలుగా నేను పడుతున్న అవస్థ ఇంకొకరు పడకూడదనే ఇది రాస్తున్నాను.

మా చెల్లి ప్రోగ్రామింగ్ నేర్చుకుంటానంటే తనకోసం వెతికాను. 2025 అక్టోబర్‌లో విండోస్ 10 సపోర్ట్ ముగిశాక పాత మెషీన్ల మీద ‘లినక్స్ టెస్టెడ్’ అన్న మాట తరచుగా కనిపిస్తోంది. నేను కొన్నదాని బిల్లు మీద కూడా అదే రాసిచ్చారు. ఏ లినక్స్, ఏ వెర్షన్ అన్నది మాత్రం లేదు. అడగాలని నాకూ తట్టలేదు.

చూపించినప్పుడు అందులో ఉబుంటు అనే లినక్స్ రకం, 18.04 వెర్షన్ ఉంది. వైఫై వచ్చింది, వీడియో ఆగకుండా ఆడింది, మూత మూసి తెరిస్తే వెంటనే లేచింది. ప్రాసెసర్ 64 బిట్, ర్యామ్ 4 జీబీ. ఇంకేం కావాలి అనుకున్నాను. కానీ 18.04కి మామూలు సపోర్ట్ 2023లోనే అయిపోయింది. అందుకే ఇంటికి రాగానే దాన్ని తీసేసి, ఉబుంటులోనే కొత్తదైన 24.04 వేశాను.

ఇన్‌స్టాల్ సాఫీగానే అయింది. రీస్టార్ట్ చేసి చూస్తే వైఫై లేదు. డ్రైవర్ (చిప్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) విడిగా వేసుకోవాల్సిన వైఫై చిప్ అది. డ్రైవర్ దించాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, టెథరింగ్ ఆన్ చేసి ఎలాగోలా వేశాను. వైఫై వచ్చింది. పది రోజుల తర్వాత కెర్నెల్ (లినక్స్‌లోని ప్రధాన భాగం) అప్‌డేట్ అయింది, మళ్లీ పోయింది. కొత్త కెర్నెల్ మీద ఆ డ్రైవర్ బిల్డ్ కావట్లేదు.

సరే, కార్డే మార్చేద్దామని, లినక్స్‌లో నేరుగా పనిచేసే వేరే వైఫై కార్డ్ తెప్పించాను. వెనక మూత స్క్రూలు విప్పి, సన్నటి యాంటెన్నా వైర్లు రెండూ జాగ్రత్తగా తీసి, కొత్త కార్డ్‌కి తగిలించి ఆన్ చేశాను. నల్లటి స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు: ఈ వైర్‌లెస్ డివైస్‌కి సపోర్ట్ లేదు, తీసేసి రీస్టార్ట్ చేయండి. అంతే, ముందుకు కదల్లేదు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయాస్‌లో (ఆన్ చేయగానే మొదట నడిచే, మెషీన్‌లోనే ఉండే ప్రోగ్రామ్), తయారీ కంపెనీ ఒప్పుకున్న వైఫై కార్డుల జాబితా ఉంటుంది. అందులో లేని కార్డ్ పెడితే మెషీన్ బూటే అవదు. లినక్స్ దాకా వెళ్లే అవకాశమే ఉండదు కాబట్టి ఏ వెర్షన్ వేసినా ఇది మారదు. ఇప్పుడు దానికి యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెట్టి నడిపిస్తున్నాం.

గ్రాఫిక్స్ సంగతి ఇంకా బాధ. పాత కెర్నెల్‌తో కంపెనీ డ్రైవర్ మీద బాగా నడిచిన కార్డ్ అది. 18.04 మొదట 4.15 కెర్నెల్‌తో వచ్చింది, 24.04 వచ్చింది 6.8తో. కెర్నెల్ లోపలి ఏర్పాట్లు మారిపోతుంటాయి. సోర్స్ బయటపెట్టని డ్రైవర్‌ని కంపెనీ వదిలేస్తే కొత్త కెర్నెల్‌కి దాన్ని సరిచేసేవాళ్లు దాదాపు ఉండరు. గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా 340 సిరీస్ డ్రైవర్ సపోర్ట్ 2019 చివరితో, 390 సిరీస్‌ది 2022 చివరితో ఆగిపోయాయి. ఆ కాలపు కార్డులకు ఇప్పుడు మిగిలేది నూవో అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్. బొమ్మ వస్తుంది. కానీ మా దాంట్లో మూత మూసి తెరిస్తే ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం వెలగదు. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపాల్సిందే. చెల్లి రాసుకున్న కోడ్ సేవ్ చేయకుండా ఒకసారి అలాగే పోయింది.

వెనక్కి తీసుకోమని అడిగితే వచ్చిన జవాబు: “మేం ఇచ్చినప్పుడు బాగానే పనిచేసింది కదా, ఓఎస్ మార్చింది మీరే.” బిల్లులో వెర్షన్ రాయించుకోనందుకు నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి కొనబోయేవాళ్లు దయచేసి ఓ అరగంట కేటాయించండి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే ‘ట్రై’ మోడ్‌లో వైఫై కలపండి, సౌండ్ వినండి, సస్పెండ్ చేసి (మూత మూసి నిద్రపుచ్చి) లేపండి. అన్నిటికన్నా ముఖ్యం ఈ సస్పెండ్. ఎవరూ చూడరు, తర్వాత రోజూ ఏడిపిస్తుంది. బయాస్‌కి పాస్‌వర్డ్ ఉంటే తీయించాకే మాట్లాడండి, లేకపోతే బూట్ ఆర్డర్ (డిస్క్, పెన్‌డ్రైవ్‌లలో దేంతో ముందు ఆన్ అవ్వాలన్నది) కూడా మార్చుకోలేకపోవచ్చు. డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్ట్‌లో రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (పాడైన, పాడైనట్టు అనుమానమున్న భాగాల) ముడి విలువలు (రా వాల్యూ) సున్నా కాకపోతే డిస్క్ మార్చే ఖర్చు కూడా కలుపుకోండి.

మరీ పాతవి అయితే ప్రాసెసర్ 64 బిట్ అవునో కాదో ముందే చూడండి. 32 బిట్ మెషీన్లకు దారులు మూసుకుపోతున్నాయి. ఉబుంటు డెస్క్‌టాప్ 2017లో 17.10తోనే వాటిని వదిలేసింది. 2025లో వచ్చిన డెబియన్ 13లో (ఇదీ ఒక లినక్స్ రకమే) వాటికి ఇన్‌స్టాలర్ లేదు, కెర్నెల్ కూడా లేదు. ప్రాసెసర్ 64 బిట్ అయినా లోపలి యూఈఎఫ్ఐ (బయాస్ స్థానంలో వచ్చినది) 32 బిట్ ఉండే, ఆటమ్ ప్రాసెసర్ ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌లు కొన్ని ఉన్నాయి, అవి మామూలు పెన్‌డ్రైవ్‌తో బూట్ కాకుండా సతాయిస్తాయి.

పెన్‌డ్రైవ్ పెట్టనివ్వం అంటే అక్కడ కొనకండి. ఒప్పుకుంటే మాత్రం, ఏ వెర్షన్‌తో టెస్ట్ చేశారో ఆ నంబర్ బిల్లు మీద రాయించుకోండి. కొనేముందు ఏదైనా మోడల్ గురించి సందేహం ఉంటే, అందులోని వైఫై చిప్, గ్రాఫిక్స్ చిప్ పేర్లు కింద రాయండి, తెలిసినంత మేరకు చెప్తాను.