తిరిగిరాని నాలుగో మిర్చి

హనుమకొండ చౌరస్తాకు నాలుగడుగుల దూరంలో, సాయంత్రం ఐదున్నరకు పొయ్యి వెలిగించే మిర్చి బండి ఒకటి ఉన్నది. దానికి బోర్డు లేదు, ఆ అవసరమూ లేదు. పదేళ్ళుగా అక్కడ తింటున్నవాణ్ణి కనుక మెచ్చుకోవడంతో పాటు తప్పుపట్టే చనువు కూడా తీసుకుంటున్నాను.

ముందు రుచి సంగతి. మిరపకాయను నిలువునా చీల్చి, గింజ తీసి, వాము, ఉప్పు కలిపిన చింతపండు గుజ్జును లోపల పూస్తారు. పలుచగా పట్టిన శనగపిండి పొర కొరకగానే కరకరమంటుంది. తరువాత పులుపు, ఆ తరువాతే కారం నాలుకకు తెలుస్తాయి. ఎండుమిర్చికి పేరున్న ఎనుమాముల మార్కెట్టు ఉన్న ఊరిలో కారానికి కొదవ లేదు గాని, బజ్జీకి కావలసింది ఆ ఎండుమిర్చి కాదు, లేత పచ్చిమిర్చి. కాయను ఏరడంలో యజమాని చెయ్యి తిరిగినవారు.

పేచీ అంతా ధర దగ్గరే. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తినప్పుడు టీవీ చర్చల్లో క్షిపణుల పేర్లు మారుమోగాయే గాని, మన పొద్దుతిరుగుడు నూనెలో అధికభాగం ఆ రెండు దేశాల నుంచే వస్తుందన్న సంగతి నాకు మొదట చెప్పింది ఈయనే. పామాయిల్‌కు మారదామనుకునేలోగా, ఏప్రిల్ 28 నుంచి ఇండోనేషియా దాని ఎగుమతులను నిలిపివేసింది. ప్లేటుకు నాలుగు మిర్చీలు మూడయ్యాయి; ఎవరమూ గొడవపడలేదు. ఆ నిషేధం మే 23న తొలగిపోయింది, నూనె ధరలూ క్రమంగా దిగివచ్చాయి, నాలుగో మిర్చి మాత్రం నేటికీ తిరిగిరాలేదు. అడిగితే 2024 సెప్టెంబరులో కేంద్రం వంటనూనెలపై పెంచిన దిగుమతి సుంకం మాట ఎత్తుతారు. ముడి నూనెలపై ఆ సుంకాన్ని 2025 మే నెలాఖరున 20 నుంచి 10 శాతానికి తగ్గించారని గుర్తుచేస్తే, మాట్లాడకుండా గ్యాస్ సిలిండరు వైపు చెయ్యి చూపిస్తారు. పెరిగిన వార్త ఆ పూటకే బండికి చేరుతుంది, తగ్గిన వార్తే ఎందుకో కాజీపేట దాటి రాదు.

ఇంకొక లోపం కాగితం. మిర్చీలను పాత దినపత్రిక ముక్కలోనే చేతికిస్తారు. మొన్న నాకిచ్చిన ముక్కలో నూనె ఇంకిన మేరకు అవతలి పక్క కనిపించి, గాజా వార్త మీద ఓపెన్ ప్లాట్ల ప్రకటన అక్షరాలు తిరగబడి తేలాయి. అచ్చు సిరా ఆరోగ్యానికి హానికరమని, తినుబండారాలను వార్తాపత్రికల్లో ఇవ్వవద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2023లోనే హెచ్చరించింది. మోదుగాకు దొప్పలు తెలిసిన ప్రాంతంలో ఈ నిర్లక్ష్యం నాకు మింగుడుపడదు. అందుకే ఇంటి నుంచి స్టీలు డబ్బా తీసుకుపోతున్నాను.

ఏడు దాటితే నూనె నల్లబడుతుంది కనుక, వెళ్ళేవారు మొదటి రెండు వాయిల్లోనే తినడం మేలు.