నెల్లూరు నుంచి శాడిల్ పీక్ దాకా: ఉత్తర అండమాన్ వానాడవికి వెళ్లేవారికి

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి అండమాన్ వెళ్లేవాళ్లు ఎక్కువగా హావ్‌లాక్, నీల్ దీవులు చూసి వచ్చేస్తారు. తెల్లటి ఇసుక, తేటనీళ్లు చాలనుకుంటే అది మంచి యాత్రే. వానాడవి చూడాలంటే మాత్రం ఉత్తరాన దిగ్లీపూర్ దాకా పోవాలి. అక్కడి శాడిల్ పీక్ జాతీయ ఉద్యానంలోని శిఖరం 732 మీటర్లు, ఈ దీవులన్నిటిలోకీ ఎత్తయినది. నడక సముద్రపు ఒడ్డునే మొదలవుతుంది కాబట్టి ఆ ఎత్తంతా కాళ్లతోనే ఎక్కాలి.

చేతిలో కనీసం ఏడు రోజులు లేకపోతే దిగ్లీపూర్ పెట్టుకోవద్దు. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) నుంచి 300 కిలోమీటర్లకు పైగా రోడ్డు. పోవడానికి ఒక పగలు, రావడానికి ఒక పగలు పూర్తిగా పోతాయి. మధ్యలో రెండు రోజులైనా ఉంటేనే ఆ ప్రయాణానికి ఫలితం దక్కేది.

వెళ్లే కాలం జనవరి నుంచి ఏప్రిల్ దాకా. నైరుతి మే నెలలోనే అక్కడ దిగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన కోస్తాను ముంచే వాయుగుండాల్లో చాలావాటికి పుట్టిల్లు ఆ సముద్రమే. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోటు, అంటే నెల్లూరుకు దాదాపు మూడింతలు. వానల్లో కొండ బాట జారుతుంది, జలగలు పట్టుకుంటాయి, పడవలు ఆగిపోతాయి.

చెన్నై నుంచి విమానం రెండు గంటల పైచిలుకు. ఉదయం తొలి విమానాలకు మెట్రో అందదు. కాబట్టి నెల్లూరులో ముందురోజు రాత్రి రైలెక్కి, సెంట్రల్ నుంచి టాక్సీలో పోవడం నయం. ఓడ టికెట్టు చవకే గానీ రెండున్నర, మూడు రోజులు సముద్రం మీదే గడుస్తాయి. బయల్దేరే తేదీలు కూడా మారుతుంటాయి, సెలవులు లెక్కగా ఉన్నవాళ్లకు అది కుదరదు.

రోడ్డు సంగతి వివరంగా తెలిసి ఉండాలి. జిర్కాటాంగ్ దగ్గర జారవా తెగ వాళ్ల రిజర్వు మొదలవుతుంది. అక్కడి నుంచి వాహనాలన్నీ పోలీసు కాన్వాయ్‌లోనే కదలాలి. మొదటిది ఉదయం 6 గంటలకు. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజే అడిగి పెట్టుకోవాలి. వరుసలో చోటు దొరకాలంటే పోర్ట్ బ్లెయిర్‌లో తెల్లవారుజామున 4 గంటలకే కదలాలి. దారిలో ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు, తినేవి అందించకూడదు. ఇది చట్టం, జైలుశిక్ష ఉంది. అంతకన్నా ముఖ్యం, వాళ్లు చూడ్డానికి పెట్టిన వస్తువులు కారు. తర్వాత మిడిల్ స్ట్రెయిట్ జలసంధిలో బల్లకట్టు మీద బండితో సహా బారాటాంగ్ దీవికి దాటాలి. ఆలస్యమంతా ఇక్కడే. ఆపై హంఫ్రీ జలసంధి మీద వంతెన ఉంది. తొలి కాన్వాయ్ తప్పితే దిగ్లీపూర్ చేరేసరికి రాత్రవుతుంది.

ప్రభుత్వ బస్సు చౌక, నమ్మకం కూడా. కానీ పది, పన్నెండు గంటలు కూర్చోవాలి. నలుగురుంటే కారు మాట్లాడుకోవడమే మేలు. డ్రైవరు బస, భోజనం, బల్లకట్టు రుసుము, రిజర్వు అనుమతి ఎవరి ఖర్చో ముందే తేల్చుకోవాలి. గొడవలన్నీ అక్కడే వస్తాయి. హెలికాప్టరులో స్థానికులకూ రోగులకూ ముందు చోటు, దాన్ని నమ్ముకుని తేదీలు వేయకండి.

బసకు దిగ్లీపూర్ ఊరూ ఉంది, సముద్రం పక్కన కాలీపూరూ ఉంది. ఊళ్లో ఏటీఎం, మందుల షాపు, బజారు దొరుకుతాయి. అడవి దారికి మాత్రం కాలీపూరే దగ్గర. అక్కడ గదులు కొద్ది, ఏసీ ఉన్నవి ఇంకా కొద్ది, కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, ఫోను సరిగా అందదు. అయినా కొండెక్కే ముందు రాత్రి కాలీపూర్‌లోనే పడుకోవాలి. డబ్బు ఊళ్లోనే తీసుకుని పోవాలి. భోజనానికి ముందే చెప్పాలి, చెప్పాకే చేపలు తెస్తారు. ఈ వైపు బెంగాలీ కుటుంబాలు ఎక్కువ. అన్నం, పప్పు, చేపల పులుసు ఉంటాయి గానీ మన కారం ఉండదు. ఊరగాయ సీసా పెట్టుకుంటే భోజనం నిలబడుతుంది.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాలీపూర్ తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట టార్చి కొట్టకుండా, అటవీ సిబ్బంది వెంట మాత్రమే పోవాలి.

ఇక నడక. లామియా బే దగ్గర అటవీ శాఖ గేటులో రుసుము కట్టి, గైడును తీసుకుని మొదలుపెట్టాలి. పోను 8, రాను 8, మొత్తం 16 కిలోమీటర్లు. మొదట గులకరాళ్ల ఒడ్డు వెంట, చిన్న వాగులు దాటుతూ సాఫీగా సాగుతుంది. ఒడ్డున నల్లగా, బూడిదరంగుగా కనిపించే రాయి చాలావరకు సముద్రపు అడుగున పుట్టి, భూపలకల ఒత్తిడికి పైకి లేచినదే. ఆ తర్వాత చెట్ల వేళ్లే మెట్లుగా నిట్టనిలువు ఎక్కుడు. కింద పడౌక్ చెట్లు కనిపిస్తాయి. మన వెలిగొండల ఎర్రచందనానికి ఇది దాయాది, రెండిటిదీ ఒకే ప్రజాతి. పైకి పోయేకొద్దీ నిటారుగా లేచిన గర్జన్ మానులు ఆకాశాన్ని కప్పేస్తాయి. అండమాన్‌లో ఇంత దూరం వచ్చినందుకు చూడాల్సింది ఈ అడవే. శిఖరాన మబ్బు కమ్మితే ఏమీ కనబడకపోవచ్చు, దానికోసం పరుగెత్తవద్దు.

అక్కడ పొద్దు మనకన్నా సుమారు యాభై నిమిషాలు ముందు పొడుస్తుంది, అంతే ముందు వాలుతుంది. గడియారం మాత్రం ఒకటే. జనవరిలో సాయంత్రం 5 దాటగానే చీకటి, చెట్ల కింద ఇంకా ముందే. అందుకే 6 గంటలకు గేటు దగ్గరుండాలి, ఎక్కడున్నా మధ్యాహ్నం 12కు వెనక్కి తిరగాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఉప్పు కలిపిన మజ్జిగ పొడి లేదా ఓఆర్ఎస్, పట్టు ఉన్న బూట్లు, పొడవు మేజోళ్లు, గుడ్డలో కట్టిన ఉప్పు ఉండాలి. జలగను లాగవద్దు, ఉప్పు తాకిస్తే వదులుతుంది. మోకాళ్లు దెబ్బతినేది దిగేటప్పుడే. దిగ్లీపూర్‌లో చిన్న ఆసుపత్రే ఉంది, పెద్ద వైద్యం కావాలంటే అంత రోడ్డూ మళ్లీ పోర్ట్ బ్లెయిర్ పోవాలి. గుండె, మోకాలి బాధలున్నవాళ్లు ఒడ్డు వెంట భాగం నడిచి తిరిగొస్తే చాలు.

వాగుల్లో, మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. మైపాడు, కొత్తపట్నం ఒడ్డున పెరిగినవాళ్లకు కాలువ కనబడితే దిగడం అలవాటు. ఇక్కడ అది ప్రాణం మీదికి తెస్తుంది.

రెండో రోజు ఏరియల్ బే జెట్టీ నుంచి రాస్, స్మిత్ దీవులకు పడవ. గుర్తింపు కార్డు, అనుమతి కావాలి. రెంటినీ కలిపే ఇసుక దారి ఆటు సమయంలో తేలుతుంది కాబట్టి పోటు, ఆటు వేళలు అడిగి పోవాలి. ఇసుక ఈగలు కుడతాయి, తువ్వాలు పరుచుకోకుండా నేరుగా పడుకోవద్దు.

అగ్నిపర్వతం అని ఆశపడేవాళ్లకు రెండు మాటలు. బారాటాంగ్‌లోనూ, దిగ్లీపూర్ దగ్గర శ్యామ్‌నగర్‌లోనూ ఉన్నవి బురద అగ్నిపర్వతాలు. లోపలి వాయువుల ఒత్తిడికి చల్లటి బురద బుడగలుగా పైకొస్తుంది, లావా ఉండదు. వాటికోసమే దారి మళ్లించనక్కర్లేదు. అసలైన అగ్నిపర్వతం బారెన్ దీవి. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా 135 కిలోమీటర్లకు పైగా దూరం, 1991 నుంచి మళ్లీ రగులుతోంది. దిగనివ్వరు, పడవలోంచి చూడాలి, ఖర్చు ఎక్కువ. సముద్రం ఎగిస్తే యాత్ర రద్దు, అందుకే ముందే సొమ్ము వాపసు షరతు చదవాలి.

పెద్దవాళ్లతో, పసిపిల్లలతో పోయేవాళ్లకు వండూర్ దగ్గరి మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానం మేలు. పోర్ట్ బ్లెయిర్ నుంచి సుమారు 30 కిలోమీటర్లు, 1983లో ఏర్పడింది. జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవుల్లో ఏడాదిలో ఒక్కోకాలం ఒకదాన్నే తెరుస్తారు, రెండోదానికి విశ్రాంతి. ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు, స్టీలు సీసా పెట్టుకోండి. పగడపు మీద కాలు పెట్టవద్దు, తెగినచోట త్వరగా మానదు, పగడమూ చచ్చిపోతుంది.

తిరుగు విమానం దిగ్లీపూర్ నుంచి వచ్చిన రోజుకు వేయకండి. బల్లకట్టు ఆగినా, కాన్వాయ్ తప్పినా టికెట్టు పోతుంది. మధ్యలో ఒక రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండాలి. జంగ్లీఘాట్ వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, అన్నీ తెలుగులోనే అడిగి తెలుసుకోవచ్చు. చెన్నైలో దిగాక నెల్లూరు, ఒంగోలు రైలుకు కనీసం నాలుగు గంటల వ్యవధి పెట్టుకోండి.